ఈ పొలం ఎవరు సాగు చేస్తున్నారు

కరోనా రెండో ఏడు. జర్మనీలో, డెగ్గెన్‌డార్ఫ్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. రెస్టారెంట్లు మూతపడి గిన్నెలు కడిగే పని పోయాక, ఊరి బయట కీరదోస పండించే ఒక రైతు దగ్గర చేరాను. ట్రాక్టరు వెనక పలకల మీద బోర్లా పడుకుని కాయలు కోయాలి. ఆ రైతమ్మకు అరవై దాటాయి, నోరు పెద్దది. రోజూ తిట్లు, మధ్యాహ్నం రొట్టె, నాకు రెండూ తప్పేవి కావు.

ఆ పొలం ఆమెది కాదు. ఇరవై ఏళ్లుగా నోటిమాట మీద నడుస్తున్న కౌలు. ఆ ఏడు యజమాని దాన్ని ఒక కంపెనీకి అమ్మబోయాడు. అక్కడి చట్టం ప్రకారం, సాగుచేసే రైతు కొంటానంటే వ్యవసాయ భూముల ఆఫీసు ఆ అమ్మకాన్ని ఆపవచ్చు. ఆమె బ్యాంకును ఒప్పించి అర్జీ పెట్టింది. యజమాని మాత్రం సాగు తనదేననీ, ఆమె తన దగ్గర పనిచేసే మనిషనీ రాసిచ్చాడు.

అది తేల్చడానికి ఆఫీసరు రావలసిన రోజుకు ఆమె క్వారంటీన్‌లో ఉంది. ఆఫీసు ఇచ్చిన టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, వదులుకుంటే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు.

"నువ్వున్నావుగా. ఉన్నది చెప్పు, చాలు," అంది ఫోన్‌లో.

ఆఫీసరు మాస్కు పెట్టుకుని, ఫైలు తెరిచి, దూరంగా నిలబడ్డాడు.

"ఈ పొలం ఎవరు సాగు చేస్తున్నారు?"

నా నోటి నుంచి యజమాని పేరు వచ్చింది.

అబద్ధం చెప్పాలని కాదు. వరంగల్ దగ్గర మాదీ కౌలు బతుకే. ఫైలు పట్టుకుని ఎవరైనా వస్తున్నారంటే నాన్న మమ్మల్ని ముందే కూర్చోబెట్టేవాడు. "ఎవలడిగినా పట్టాదారే చేస్తుండని చెప్పుండ్రి. మన పేరు కాయితం మీదికెక్కితే వచ్చే పంటకు భూమియ్యడు." ఎక్కాల కన్నా ముందు నేర్చుకున్న పాఠం అది.

కారు మలుపు తిరిగాక గానీ ఏం చేశానో బుర్రకెక్కలేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. పరుగున వెళ్లి ఆమె వంటింటి కిటికీ కొట్టాను. జరిగింది చెప్పాను, నాన్న సంగతీ చెప్పాను. ఆమె తిట్టలేదు. దాంతో ఇంకా భయం వేసింది.

"మరి మీ నాన్నకు ఆ భూమి నిలిచిందా?" అంది.

"లేదు. నేను పదో తరగతిలో ఉండగా పట్టాదారు అమ్మేశాడు."

కిటికీలోంచి కాగితం, పెన్ను బయటికి తోసింది. "రాయి."

ఈ సీజనంతా సాగు చేసింది ఈమేనని తప్పుల జర్మన్‌లో రాశాను. సంతకం చేసే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. అక్కడ నాకు సెంటు భూమి లేదు, అయినా చూశాను.

ఆఫీసులో ఆ కాగితం తీసుకున్నారు. కానీ రెండు రకాలుగా చెప్పిన సాక్షినని నన్ను పక్కన పెట్టారు. చుట్టుపక్కల రైతులను అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. వాళ్లూ ఆ యజమాని కౌలుదార్లే. చలికాలానికి పొలం కంపెనీ చేతికి పోయింది.

వారం వారం ఇంటికి ఫోన్ చేస్తూనే ఉన్నాను గానీ ఇదంతా నాన్నకు ఇప్పటికీ చెప్పలేదు. యజమాని పేరు చెప్పానని వింటే "మంచిగ జేసినవ్ బిడ్డా" అంటాడేమోనని నా భయం.