ఏడో సీటు నిండందే

బాన్సువాడ గంగయ్యది ఒకటే పట్టు. ఏడుగురు కూర్చునే బండిలో ఏడుగురూ కూర్చునేదాకా దాని గురించి మంచీ చెడ్డా ఒక్క ముక్క మాట్లాడడు. ఆరుగురుంటే ఆకాశం వంక చూస్తాడు. ఐదుగురే ఉంటే అసలు బండి వైపే చూడడు. "ఖాళీ సీటున్న బండిని చూసి చెప్పుడంటే, ఫోటో చూసి పెండ్లి ఖాయం చేసుకున్నట్టే" అంటాడు.

ఇంతా చేస్తే ఆయనకు బండి నడపడం రాదు. సైకిలు తప్ప సొంత వాహనం లేదు. ముప్పై ఒక్కేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాడు. డ్రైవరు ముందుకు చూస్తాడు, కండక్టరు వెనక్కి చూస్తాడు, బండి అసలు గుణం వెనకే తెలుస్తుంది అని ఆయన సిద్ధాంతం. ఎవరైనా ముచ్చటపడి ఇంజను చూపిద్దామని బానెట్ ఎత్తితే, "గది మూసెయ్ తమ్మీ. అండ్ల ఎవలు కూసుంటరు?" అంటాడు.

కోటగిరి నుంచి మద్నూర్ దాకా మూడు వరుసల బండి కొనదలచినవాళ్లు షోరూముకు ఫోన్ చేసే ముందు గంగయ్యకు ఫోన్ చేస్తారు. ఆ గౌరవం ఊరికే రాలేదు. మద్నూర్‌లో లాల్‌సింగ్ అని నాలుగు లారీల ఆసామి ఉన్నాడు. ఆయన ఒక బండి చూపిస్తే గంగయ్య ఏడుగురినీ నింపి, తను మూడో వరుసలో కూర్చుని, దిగి, "వద్దు" అన్నాడు. లారీల వాడికి సైకిలు వాడు చెప్పేదేమిటని లాల్‌సింగ్ కొనేశాడు. మరుసటి వారమే సరిహద్దు దాటి దెగ్లూర్‌లో పెళ్లికి వెళ్లారు. మూడో వరుసలో కూర్చున్న బావమరిది దిగేసరికి మోకాళ్లు సాగలేదు, నడుము లేవలేదు. రెండు గంటలపాటు పెళ్లి పందిట్లో అలాగే వంగి తిరిగాడు. కనిపించిన ప్రతి మనిషీ తనకే దండం పెడుతున్నాడనుకున్నాడు. ఆ పెళ్లిలో ఆయనంత వినయం గల మనిషి లేడని మరాఠీలోనూ తెలుగులోనూ చెప్పుకున్నారు. ఆ వినయానికి అసలు కారణం తెలిశాక, లాల్‌సింగ్ కూడా ఏ బండి చూసినా గంగయ్యనే పిలుస్తున్నాడు.

ఇక వెస్లీ సంగతి. వెస్లీ బాన్సువాడలోని ఒక కార్ల షోరూములో అమ్మకాల ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. అమ్మానాన్నలు ఇంకా నాట్లకు, కోతలకు పోతారు. వాళ్లింట్లో టై కట్టుకున్న మొదటి మనిషి అతనే. మైలేజీ, ఎయిర్ బ్యాగులు, పెద్ద తెర, పైకప్పుకు అద్దం, అన్నీ ఆదివారం బడిలో వాక్యాలు నేర్చుకున్నట్టు కంఠస్థం చేశాడు. చేరిన మొదటి నెలలోనే గంగయ్య ఎదుట ఆ పాఠం అప్పజెప్పడం మొదలుపెట్టాడు.

ఆ రోజు కొనడానికి వచ్చింది సంపత్ అనే బడిపంతులు, ఆయన భార్య. గంగయ్య వెస్లీ పాఠం వినలేదు. వేలితో సీట్లను లెక్కపెట్టాడు.

"మనం నలుగురం. మూడు ఖాళీ. జర ఆగుండ్రి" అని బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

ఐదు నిమిషాల్లో ముగ్గురిని వెంటబెట్టుకొచ్చాడు. కాలికి కట్టు కట్టుకున్న ముసలాయన, నెలలు నిండుతున్న ఒక అమ్మాయి, ఆమె తల్లి ముత్తవ్వ.

"వీళ్లెవరు కాకా?" అన్నాడు వెస్లీ.

"తూకం" అన్నాడు గంగయ్య.

బండి ఎటు తిప్పాలో కూడా ఆయనే చెప్పాడు. ఊరి అవతలి దాకా, కాలువ గట్టు మీదుగా, మళ్లీ ఊళ్లోకి. దారిలో తూకం ఎక్కడో దిగిపోయింది. కానీ ఆ అరగంటలో వెస్లీ విన్నది ఏ పుస్తకంలోనూ లేదు. చల్లగాలి మూడో వరుస మనుషులకు కాక పైకప్పుకు తగులుతోంది. ఆ వరుసలో కిటికీ దిగదు, కాబట్టి కడుపులో తిప్పే మనిషిని అక్కడ కూర్చోబెట్టకూడదు. వెనక సీటు ఎత్తి పెడితే ఒక్క బియ్యం బస్తా కూడా నిలబడదు. గట్టు ఎక్కేటప్పుడు నిండు బండి రెండో గేరు అడుగుతోంది. ముత్తవ్వ దిగేముందు గంగయ్య వెనక్కి తిరిగి ఆమెను అడిగాడు.

"అవ్వా, ముందటోళ్లు మాట్లాడుకునేది నీకు వినొస్తుందా?"

"వినొస్తుంది. పంతులుకు కారు ఎందుకని పంతులమ్మ అంటుంది."

"అయితే బండి మంచిదే" అని తేల్చేశాడు గంగయ్య. "ముందటి ముచ్చట వెనుకకు వినబడాలె తమ్మీ. వినబడకుంటే గా వెనుక కూసున్నది ఇంటి మనిషి కాదు, సామాను."

వెస్లీకి ఆ మాట ఆదివారం వాక్యంలా పట్టుకుంది. ఆ రాత్రి అన్నం తింటూ తల్లికి కూడా చెప్పాడు.

ఆ భక్తి నెల తిరిగేసరికి తలనొప్పిగా మారింది. గంగయ్య వచ్చినప్పుడల్లా బస్టాండు నుంచి కొత్త తూకం వచ్చేది. ఒకసారి తూకం కోడిపెట్టతో వచ్చింది. ఒకసారి తూకం సీటు మీద వాంతి చేసుకుంది. తూకాన్ని బట్టి దారి మారేది, వర్ని ఒకసారి, బోధన్ ఒకసారి. చూపించడానికి పెట్టిన బండి కొన్నవాళ్ల బండి కంటే ఎక్కువ తిరిగింది.

ఆరో నెలలో షోరూము మేనేజరు మంజులత అతన్ని అద్దాల గదిలోకి పిలిచింది. ఆమె గట్టిగా మాట్లాడదు. అదే భయం.

"వెస్లీ, మనది షోరూమా, షేర్ ఆటోనా?"

"షోరూమే మేడం."

"మరి బోధన్ పోయేటోళ్లు మన గేటు దగ్గర ఎందుకు నిలబడుతుండ్రు?"

మంజులత ఆ బండి తిరిగిన కిలోమీటర్ల కాగితం అతని ముందుకు తోసింది.

"బయటోళ్లు ఇంకొకసారి మన బండి ఎక్కినట్టు తెలిస్తే, నువ్వు ఇంకో ఉద్యోగం చూసుకో. ఈ నెల ఒక్కటన్న పెద్ద బండి అమ్మకపోయినా అంతే."

నెల ఆఖరి వారంలో కోటగిరి రైతు దేవిదాస్ వచ్చాడు. వరి, చెరకు పండించే పాత కాపు. డబ్బుకు వెనకాడే మనిషి కాదు, కానీ గంగన్న చూడందే కొననన్నాడు. వెస్లీ రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఖాళీ సీటు ఉంటేనే కదా తూకం కావలసింది? దేవిదాస్‌కు ఫోన్ చేసి, "ఇంటిల్లిపాదీ రండి అన్నా, అమ్మను కూడా తీసుకురండి" అన్నాడు. దేవిదాస్, భార్య శ్రీలత, తల్లి భూమవ్వ, ఇద్దరు పిల్లలు, గంగయ్య, నడపడానికి తను. ఏడు.

మర్నాడు పొద్దున గంగయ్య ఎక్కి కూర్చుని, అలవాటుగా పెన్నుతో సీటు మీద కొడుతూ లెక్కపెట్టాడు. ఏడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఏడే.

"నిండింది కద కాకా" అన్నాడు వెస్లీ, నవ్వు ఆపుకుంటూ.

గంగయ్య మొదటిసారి దిక్కుతోచనట్టు కనిపించాడు. బస్టాండు దాటుతుండగా, "ఆపు తమ్మీ" అన్నాడు.

రోడ్డు పక్కన వేపచెట్టు కింద అరవై ఏళ్లు దాటిన తండా ముసలామె నిలబడి ఉంది. గంగయ్య దిగి ఆమెను తన సీట్లో కూర్చోబెట్టాడు.

"ఈమె చాంద్రి. నలభై కిలోలు. నాది డెబ్బై ఎనిమిది. మూడో వరుసల అంత బరువు ఉంటే బండి వెనుకకు గుంజుతది, సంగతి తెల్వది. బోధన్‌ల కండ్ల దవాఖాన దాకా పోయి రాండ్రి. రోడ్డు అటే కరాబున్నది."

"మరి చూడవలసింది నువ్వు కద కాకా?"

"ముప్పై ఒక్కేళ్లు దిగేటోళ్ల మొఖాలు చూసిన. వాపసు వచ్చినంక మొఖం చూసి చెప్త."

వెస్లీకి ఉద్యోగం పోయినట్టే కనిపించింది. కానీ దేవిదాస్ అప్పటికే, "గంగన్న చెప్పిండంటే పోవాల్సిందే, పోనియ్" అంటున్నాడు. వెస్లీ బండి పోనిచ్చాడు.

కోటగిరి దాటేసరికి మూడో వరుసలో భూమవ్వ, చాంద్రి అక్కాచెల్లెళ్లైపోయారు. వెస్లీ అద్దంలో చూస్తూ, వద్దనుకుంటూనే వింటున్నాడు.

"యాడికి పోతున్నవే చెల్లె?" అంది భూమవ్వ.

"నేను యాడికి పోతనక్కా. గంగయ్య పని మీద పోతున్న" అంది చాంద్రి గొప్పగా. "గాయన బండ్లు చూస్తడు గద. నా అసుంటి బరువు యాడ దొరుకతలేదంట. నాలుగుసార్లు వచ్చిన. వేరే దుకాణపోళ్ల తెల్లబండిల ఒకసారి, ఎర్రబండిల రెండుసార్లు, ఇగ ఇది. నేను రాకుంటే పాపం గాయన పని ఆగిపోతది."

"మరి దవాఖానల పనేంది?"

"అది నా పని. కన్ను ఆపరేషనైంది, చూపించుకోవాలె. పనున్నదంటే గంగయ్య సైకిలు మీద తెస్తడు గని, మా తండాకు బస్సు పదకొండు దాటినంక వస్తది. ఆడ చీటీలు పదింటికే బంద్ చేస్తరు. ఎట్ల పోవాలె అని ఫికర్ పడుతుంటి. గమ్మతి ఏందంటే అక్కా, నా దవాఖాన తారీఖు ఏనాడు ఉంటదో, సరిగ్గ ఆనాడే గంగయ్యకు నా బరువు కావాల్సొస్తది. దేవుడే కలుపుతుండు."

వెస్లీ చేతుల్లో బండి నెమ్మదై ఆగింది. కాలికి కట్టు కట్టుకున్న ముసలాయన గుర్తొచ్చాడు. ఆయన ఎక్కడ దిగాడు? కట్లు కట్టే దవాఖాన ముందు. నెలలు నిండుతున్న ఆ అమ్మాయి? పెద్ద దవాఖాన గేటు దగ్గర. కోడిపెట్టతో వచ్చినామె అది మంచాన పడ్డ కూతురికని చెప్పింది. వాంతి చేసుకున్న పిల్లాడు జ్వరంతో ఉన్నాడు. ఆర్నెల్లు తనే స్టీరింగు పట్టుకుని, ఎక్కడికి తీసుకుపోతున్నాడో తనకే తెలియలేదు. ముందు కూర్చుని వెస్లీ రోడ్డు మాత్రమే చూశాడు.

"ఏమైంది తమ్మీ, ఆపినవ్?" అన్నాడు దేవిదాస్.

"ఏం లేదన్నా. గుంత ఉంటే" అన్నాడు వెస్లీ. అక్కడ గుంత లేదు.

దవాఖాన దగ్గర చాంద్రిని దింపి తిరుగుదామని దేవిదాస్ అంటే భూమవ్వ ఒప్పుకోలేదు. "పోయేటప్పుడే చూస్తే అయిపోయిందా? వచ్చేటప్పుడు గూడ ఏడుగురం ఉండాలె. నా ముచ్చట సగంల ఉన్నది" అంది. శ్రీలత పిల్లలను తీసుకుని బజారుకు వెళ్లింది. చీటీ రాయించడానికి చాంద్రి చేయి పట్టుకుని వెళ్లింది మాత్రం వెస్లీ. టై ఉన్న మనిషిని చూసి ఎవరో పెద్ద డాక్టరనుకుని వరుసలో దారి ఇచ్చారు.

మధ్యాహ్నం షోరూముకు తిరిగొచ్చేసరికి గంగయ్య గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నల్లద్దాలు పెట్టుకున్న చాంద్రి దిగగానే ఆమె మొహంలోకి తేరిపార చూశాడు.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది. రోడ్డు మీది పేర్లు గూడ కనబడుతున్నయ్. చదువొస్తే చదువుదును."

"నేను బండి సంగతి అడుగుతున్న."

"బండా?" చాంద్రి వెనక్కి తిరిగి దాన్ని అప్పుడే చూసినట్టు చూసింది. "బండి గూడ మంచిదే. ఈ అక్క కొడుకు కోడలు ఏం కొట్లాడుకున్నరో మొత్తం వినొచ్చింది."

"దేవిదాసు, తీసుకో" అన్నాడు గంగయ్య.

దేవిదాస్ లోపలికి వెళ్లి సంతకాలు చేస్తుంటే, వెస్లీ బయటే నిలబడ్డాడు. గంగయ్య భుజాన పాత కండక్టరు సంచీ ఉంది. ఎన్నోసార్లు చూసిన సంచీయే, కానీ ఇప్పుడు నోరు తెరిచి ఉంది. టికెట్లు ఉండవలసిన అరల్లో దవాఖాన చీటీలున్నాయి, తారీఖుల వరుసన, రబ్బరు బ్యాండ్లు వేసి. వెస్లీ చూడటం గంగయ్య చూశాడు. దొంగతనం పట్టుబడ్డ పిల్లాడిలా సంచీ మూశాడు.

"ఊకెనే తీస్కపోత అంటే రారు తమ్మీ" అన్నాడు మెల్లగా. "చాంద్రికి పౌరుషం జాస్తి. ఒకరి కారెక్కుడు నాకేం ఖర్మ అంటది. నీ బరువుతోటి పనున్నది అంటే పొద్దున ఆరింటికే తయారైతది." పరువు పోకుండా కలిపాడు. "అట్లని నేను అబద్ధం చెప్పలే. ఏడుగురు కూసోనిది బండి సంగతి తెల్వనే తెల్వది."

వెస్లీ ఆర్నెల్లుగా ఈ మనిషికి బండ్ల గురించి ఎంత తెలుసని ఆశ్చర్యపోయాడు. అది కాదు ఆశ్చర్యపోవలసిందని ఇప్పుడు తెలిసింది. వీలైనంత మామూలుగా అడిగాడు.

"కాకా, శుక్రవారం పిట్లం నుంచి ఒకాయన భార్యతోటి వస్తుండు. నీతోటి, నాతోటి కలిపి నలుగురం. ఎంతెంత బరువు మనుషులు కావాలె?"

గంగయ్య అతని మొహంలోకి ఒక్క నిమిషం చూశాడు. సంచీ తెరిచి, శుక్రవారం అరలోంచి రెండు చీటీలు తీశాడు.

"భీమ్లి, యాభై రెండు. ఆమె పెనిమిటి రాందాస్, అరవై. తొమ్మిదిన్నరకల్లా బోధన్‌ల ఉండాలె."

వెనక అద్దాల తలుపు తెరుచుకుంది. మంజులత ఎప్పటినుంచి వింటోందో తెలియదు. చేతిలో దేవిదాస్ సంతకం చేసిన కాగితాలున్నాయి. ఆమె ఎప్పటిలాగే గట్టిగా మాట్లాడలేదు. వేళ్ల మీద లెక్కపెట్టింది.

"నలుగురు, ఇద్దరు. ఆరు" అంది. "ఇంకో సీటు ఖాళీగనే ఉంటది కద గంగయ్య గారూ. దాన్లో ఎవర్ని కూసోబెడుతరు?"

గంగయ్య వేలు నాలుకకు తాకించి, మూడో చీటీ తీశాడు.