కాలు దించకూడదు

మా ఆయన కనకాలపేట దగ్గర రొయ్యల చెరువుల మీద పనిచేసేవారు. కిందటి వానాకాలంలో, నీళ్లు చిలికే ఏరేటర్‌కి చుట్టుకున్న నాచు తీయడానికి చెరువులోకి దిగితే, ఆగి ఉన్న చక్రం ఉన్నట్టుండి తిరిగింది. ఎముక విరగలేదు గానీ మోకాలి కింద నుంచి చీలమండ దాకా చర్మం ఊడిపోయింది. కాకినాడ ఆసుపత్రిలో పుండు శుభ్రపడేదాకా ఉంచి, తొడ మీద నుంచి పల్చగా చర్మం తీసి కాలికి అతికించారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచారు.

"మా పని అయిపోయిందమ్మా, ఇక మీదే. కాలు ఎప్పుడూ ఎత్తులోనే ఉండాలి. కిందికి వేలాడితే కొత్త చర్మం కింద రక్తం చేరి లేచిపోద్ది. బీడీ ముట్టనివ్వకండి. గుడ్లు, చేపలు బాగా పెట్టండి."

మా అత్తగారు వినలేదు. "పచ్చి పుండు మీద చేపలేంటే? చీము పట్టదూ?" అని కూర గిన్నె తీసి అవతల పెట్టేసేవారు. ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు ఆయనకి గబగబా తినిపించేదాన్ని. ఆయనేమో కాలి కంటే తొడే ఎక్కువ మండుతోందని మూలిగేవారు. బీడీ లేక ప్రతిదానికీ విసుక్కునేవారు. నేను స్కూల్లో టీచర్ని. సెలవులు అయిపోయాక బడికీ మంచానికీ మధ్య తిరుగుతూ, పిల్లలకు ఎక్కం చెబుతూనే కునికేదాన్ని.

ఇంతలో ఒక సాయంత్రం పాస్టరుగారు ప్రార్థన చేయడానికి వచ్చారు. నేను వంటింట్లో ఉన్నాను. గుమ్మంలో ఆయన గొంతు వినగానే మా ఆయన కాలు దించి లేచి నిలబడ్డారు. చిన్నప్పటి నుంచి అలవాటు మరి. పాస్టరుగారు "కూర్చో నాయనా, కూర్చో" అంటున్నా, ప్రార్థన అయ్యేదాకా గోడ పట్టుకుని అలాగే నిలబడ్డారట. నేను వచ్చి చూసేసరికి కట్టు మీద ఎర్రగా మరక.

మర్నాడే కాకినాడ తీసుకెళ్లాను. కట్టు విప్పితే, అతికించిన చర్మంలో చీలమండ వైపు అరచేతంత ముక్క నల్లబడి ఉంది. మిగతాది గులాబీ రంగులో బాగానే పట్టుకుంది. మళ్లీ ఆపరేషన్ అక్కర్లేదట, కానీ ఆ ముక్క తీసేసి, మానేదాకా కట్లు మారుస్తూ ఉండాలట. ఎన్నాళ్లని అడిగితే డాక్టరుగారు చెప్పలేనన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో వెనక సీటంతా ఆయన కాలికే ఇచ్చి, నేను డ్రైవరు పక్కన ఒరిగి కూర్చున్నాను.

"పాస్టరుగారు నిలబడి ఉంటే నేను పడుకోనా ఏంటి?" అన్నారు వెనక నుంచి.

"పడుకోవాలండి. ఆయన ప్రార్థన చేసేదే ఆ కాలు మానాలని."

ఆ తర్వాత చూడ్డానికి ఎవరొచ్చినా గుమ్మం దాటనివ్వలేదు. వరండాలో బెంచీ వేశాను. పాస్టరుగారు మళ్లీ వస్తే ఎదురెళ్లి చెప్పాను. "తప్పుగా అనుకోకండయ్యగారూ. మీరు లోపలికొస్తే ఈయన లేస్తారండి."

ఆయన చెప్పులు విప్పకుండానే కిటికీ దగ్గరికెళ్లి, "లేచావంటే ప్రార్థన ఆపేస్తాను" అని లోపలికి కేకేశారు. వారాల తరబడి కిటికీ ఊచల అవతల నుంచే ప్రార్థన చేశారు. టీచరమ్మకి పొగరెక్కిందని మెట్టకూరులో మా చుట్టాలు అనుకున్నారట. జవాబు చెప్పే ఓపిక నాకెక్కడిది?

చలికాలం వెళ్లాక ఆ అరచేతంత చోటు అంచుల నుంచి మూసుకుంటూ వచ్చింది. ఇక కట్టు అక్కర్లేదని డాక్టరుగారు చెప్పిన రోజు ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు, నిద్రొచ్చింది. బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని దారిపొడవునా ఏదో చెబుతూనే ఉన్నారు. నేను వినలేదు.

ఇప్పుడు ఆ చర్మం నున్నగా మెరుస్తూ ఉంటుంది, వెంట్రుక మొలవదు. ఎండ తగిలితే దురద. రోజూ కొబ్బరినూనె రాయాలి. ఆయన చెరువుల జోలికి వెళ్లడం లేదు, మేత అమ్మే కొట్లో కూర్చుంటున్నారు. నూనె మొన్నటి నుంచి ఆయనే రాసుకుంటున్నారు. నేను రాస్తూ రాస్తూ కాలి మీదే తల వాల్చి నిద్రపోతున్నానని.