పడమటి కొండల వాన

ఊటీ అందరికీ నచ్చుతుంది. నాకు నచ్చలేదు. పంతొమ్మిది వందల అరవైల్లో ఒక వేసవిలో అక్కడ నెల్లాళ్ళున్నాను. ఒక్క పూట కూడా కుదురుగా కూర్చోలేదు.

వెళ్ళింది షికారుకు కాదు. అమృతలూరులో నాకు వరసకు మావయ్య అయ్యే ఒకాయన ఉండేవాడు, బాగా పొలాలున్నవాడు. పదేళ్ళప్పుడు నన్ను ఇంటికి తెచ్చుకుని అన్నం పెట్టాడు, పొలం పనులు చేయించుకున్నాడు. ఎండలు ముదిరితే ఆయనకు ఊపిరి ఆడేది కాదు. చల్లటి చోట రెండు నెలలు ఉండమని తెనాలి డాక్టరు చెప్పాడు. వంట చేయడానికీ, ఆయాసం వస్తే వీపు నిమరడానికీ మావయ్య నన్ను రమ్మన్నాడు.

అప్పటికే నాకో బేరం కుదిరి ఉంది. బాపట్లలో ఉండే ఒక మాష్టారికి మా ఊళ్ళో రెండెకరాల మాగాణి ఉంది. అది నాకు కౌలుకిస్తానన్నాడు. ముప్పై ఏళ్ళొచ్చినా అంతవరకు నాకంటూ ఒక మడి దున్నుకుని ఎరగను.

"కాలవకి నీళ్ళొచ్చిన రోజు నువ్వు చేలో ఉండాలయ్యా. నారు పోయడం ఆలస్యమైతే నేనూరుకోను. రేపల్లె ఆయనొకడు అడుగుతూనే ఉన్నాడు," అన్నాడు మాష్టారు.

"ఉంటానండి," అని మాటిచ్చి రైలెక్కాను.

ఊటీలో ఒక దొర బంగళా వెనక వైపు రెండు గదులు తీసుకున్నాం. మా నేల ఎంత తవ్వినా నల్లమట్టే, రాయి తగలదు. అక్కడ గోడా రాయే, మెట్టూ రాయే, చర్చీ రాయే. దొరలు దేశం వదిలి ఏళ్ళు గడిచినా ఊరంతా వాళ్ళ కోసం ఎదురు చూస్తున్నట్టు తుడిచి పెట్టుకుని ఉంది. బంగళా గడప పక్కన బూట్ల బురద గీక్కునే ఇనప రేకు ఒకటి పాతి ఉండేది. తోటమాలి రోజూ పొద్దున్నే దానికి నూనె రాసేవాడు. అతను మద్రాసులో కొన్నాళ్ళు తెలుగువాళ్ళ దగ్గర పని చేసి వచ్చినవాడు.

"ఎవరి కోసం అన్నా ఇది?" అని అడిగాను.

"దొర వస్తే కావాలి గదా."

"ఎక్కడున్నాడు దొర?"

"చచ్చిపోయాడు. అదిగో, ఆ చర్చి వెనకే పాతిపెట్టినారు," అన్నాడు నూనె రాస్తూనే.

నాకు నవ్వు రాలేదు. ఇలాంటి చోట నాకేం పనని చిరాకేసింది. వంట అయ్యాక చెరువు చుట్టూ తిరిగేవాణ్ణి. బంగాళదుంప చేలు చూస్తే మరీ విసుగు. అంతా ఏటవాలు, నీళ్ళు నిలిచే మడి ఒక్కటి లేదు. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. వచ్చి ఉన్నా అక్కడ మా కంట తెలుగు పేపరు పడలేదు. కాలవల కబురు తెలిసే దారి లేక రోజూ ఆకాశం వంక చూసేవాణ్ణి.

నెల నిండుతుందనగా వాన పట్టుకుంది. రెండు రోజులు వదల్లేదు. పడమటి కొండల్లో వానలు పడితేనే కృష్ణకు నీళ్ళొస్తాయని మా పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను. నేనున్నది పడమటి కొండల్లోనే గదా! మనసు ఆగలేదు. మూట కట్టాను.

"కాలవలు వదులుతారు మావయ్యా. నేను పోవాలి."

మావయ్య దుప్పటి లాక్కుని కూర్చున్నాడు. "ఒరే పిచ్చోడా, ఈ కొండ నీళ్ళు అరవ దేశంలోకి పోతాయిరా. కృష్ణలోకి ఎందుకొస్తాయి?"

నన్ను ఆపడానికే అంటున్నాడనుకున్నాను. "వాన వానే మావయ్యా," అన్నాను.

"నా పొలం చాల్లేదుట్రా నీకు?"

"అది నీది."

ఆయన నా మూట వంక చూశాడు. తర్వాత, "నాకు ఆయాసం వస్తే?" అన్నాడు.

"తోటమాలి ఉన్నాడుగా," అని వచ్చేశాను. అంత మాట ఎలా అన్నానో!

తెనాలిలో దిగితే కాళ్ళు కాలిపోయాయి. మా ఊరి కాలవ వంతెన దగ్గర బస్సు ఆగింది. కాలవ అడుగు బీటలు తీసి ఉంది. వంతెన నీడలో మేకలు పడుకున్నాయి. చంకలో గొడుగు చూసి టీ కొట్టతను పకపకా నవ్వాడు.

"ఏం బావా, వాన వెంటబెట్టుకొచ్చావా ఏంటి?"

మర్నాడు బాపట్ల వెళ్ళాను. "నీళ్ళకింకా ఇరవై రోజులైనా పడుతుందయ్యా. అప్పుడే వచ్చేశావేంటి?" అన్నాడు మాష్టారు. తిరుగు బస్సెక్కాను.

పది రోజులకు తోటమాలి మావయ్యను ఇంటికి తెచ్చి దింపాడు. నేను వచ్చేసిన మూడో రోజే ఆయాసం ఎక్కువై అక్కడి ఆస్పత్రిలో పెట్టారట. చూడ్డానికి వెళ్తే వసారాలో మంచం మీద సగమై ఉన్నాడు.

"కాలవ వచ్చిందట్రా?" అన్నాడు.

"లేదు మావయ్యా."

నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గరికెళ్ళి వీపు మీద చెయ్యి వేశాను. ఏళ్ళ తరబడి వేసిన చెయ్యే. ఆయన దాన్ని తీసి పక్కన పెట్టి, "తోటమాలీ, ఇటు రావయ్యా," అని పిలిచాడు.

నీళ్ళొచ్చిన రోజు నేను చేలోనే ఉన్నాను. నారు ఒత్తుగా వచ్చింది. ఆ వారంలో మావయ్య ఎడ్లబండి మా గట్టు పక్కగా వెళ్ళింది. మడిలోంచి నిలబడి చూశాను. బండి ఆగలేదు.