కళ్ళజోడు చూసి అడిగింది

ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నానంటే జనం ముచ్చటపడతారు. అవి ఎందుకు పనికొచ్చాయని మాత్రం ఎవరూ అడగరు. పనికొచ్చాయి, ఒకసారి పలాస పాసింజరులో.

ఎండుచేపల గంపతో ఒక ఆడమనిషి తలుపు దగ్గర నా ఎదురుగా కూర్చుంది. చాలాకాలానికి కోటబొమ్మాళి సంతకు వెళ్తున్నానంది. అక్కడ పెంకుల టికెట్టు గది కనబడితే దిగడం ఆమెకు అలవాటు. మా కాలంలో చదువురాని వాళ్ళందరమూ అలాగే దిగేవాళ్ళం. ఇప్పుడు ఎత్తు ప్లాట్‌ఫారం, కొళాయిలు, కూర్చోడానికి బల్లలు వచ్చాయి. మంచిదే. కానీ ఆ పెంకుల గది తీసేశారు. బండి ఆగగానే ఆమె కంగారుపడిపోయి, నన్ను అక్క వరసపెట్టి అడిగింది.

“అప్పా, కళ్ళజోడెట్టినావు, నీకు సదువొచ్చు. ఇది కోటబొమ్మాళేనా, కాదా? తప్పు దిగితే సంతయిపోతాది, సరుకంతా ఉండిపోతాది.”

ఆ కళ్ళజోడు కంట్లో శుక్లం తీసినప్పుడు ఇచ్చింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. పసుపు బోర్డు మీది అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను. చివరి అక్షరం దగ్గర ఆగిపోయాను.

“బేగి సెప్పప్పా, బండి కదిలిపోతాది!”

అది ‘ళి’. “కోటబొమ్మాళే. దిగు!” అన్నాను.

గంప దించడానికి ఒక చెయ్యి వేశాను. ఆమె కిందికి దిగాక ఎవరినీ అడిగి సరిచూసుకోలేదు. గంప నెత్తిన పెట్టుకుని, వెనక్కి తిరగకుండా నడిచిపోయింది.

బాగా చదువుతున్నావని మా పంతులమ్మ చాలాసార్లు చెప్పింది. నేను నమ్మింది మాత్రం ఆ రోజే.