తూర్పువైపు అద్దాలు

ఆ టవర్లో పనిచేసేవాళ్లంతా ఆమెను అద్దాలక్క అనే పిలుస్తారు. ముప్పై ఒకటో అంతస్తులో, జనం టికెట్ కొనుక్కొచ్చి నగరాన్ని చూసే గ్యాలరీ అద్దాలను లోపలివైపు తుడవడం ఆమె పని. పదకొండేళ్లుగా రోజూ దేవుణ్ణి తలచుకున్నాకే బకెట్ ఎత్తుతుంది. ఆమె మోకాళ్ల నొప్పి సంగతి తెలిసిన లిఫ్టాయన, ఎంత రద్దీ ఉన్నా ఆమె మెల్లగా ఎక్కేదాకా తలుపు మూయడు.

"నువ్వెళ్తేనే కదక్కా పైన ఊరు కనబడేది," అంటాడు.

ఇంతలో నగరం అటు చివర దీనికి రెట్టింపు ఎత్తున కొత్త టవర్ లేచింది. జనం అటు మళ్లారు. ఆదివారాలు కూడా గ్యాలరీలో ఈగలు తోలుకోవాల్సి వస్తోంది. సోమవారం యజమానురాలు స్వయంగా వచ్చి, గ్యాలరీని ఉంచాలో మూసేసి ఆఫీసులకు అద్దెకివ్వాలో తేలుస్తుందని కబురొచ్చింది. మూస్తే అద్దాలక్కతో పాటు మరో ఏడుగురి పని పోతుంది.

పదకొండేళ్లు తుడిచిన చేతికి అద్దమే అన్నీ చెబుతుంది. దుర్భిణీలన్నీ బిగించింది సముద్రం కనబడే పడమటివైపు. అక్కడి అద్దాలు సాయంత్రానికి కూడా తళతళలాడుతూనే ఉంటాయి. పాత పేటలు కనబడే తూర్పువైపు మాత్రం వేలిముద్రలే వేలిముద్రలు. కింద పిల్లల ముక్కుల గుర్తులు, పైన పెద్దల నుదుటి జిడ్డు.

ఈ మాట మేనేజరు చెవిన రెండుసార్లు వేసింది.

"అక్కడ చూడ్డానికేముందమ్మా, డాబాలూ నీళ్ల ట్యాంకులూ తప్ప," అని ఆయన కొట్టిపారేశాడు.

సోమవారం పొద్దున ఆమె అన్ని అద్దాలూ తుడిచి, తూర్పువైపువి వదిలేసింది. అది చూసి మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్ లిఫ్టెక్కేశారు. ఇన్నేళ్లలో లేనిది ఇవాళే మర్చిపోవాలా?"

"మర్చిపోలేదు సార్. ఉంచాను."

ఆయన ఇంకేదో అనేలోపే లిఫ్టు తలుపు తెరుచుకుంది. చేతికర్రతో దిగిన యజమానురాలు తిన్నగా ఆ మరకల దగ్గరికే నడిచింది.

"ఏంటిది?"

అద్దాలక్క బకెట్ కింద పెట్టి ముందుకొచ్చింది.

"జనం నిలబడేది ఇక్కడేనమ్మగారూ. సముద్రాన్ని ఓసారి చూసి వచ్చేస్తారు. ఇక్కడ మాత్రం మా ఇల్లేది, మా బడేదని గంటసేపు వెతుక్కుంటారు. కొత్త టవర్ ఎత్తే, కాదనను. అక్కణ్ణుంచి ఇళ్లన్నీ చీమలబారే. ఇక్కణ్ణుంచైతే డాబా మీద ఆరేసిన దుప్పటి రంగు కూడా తెలుస్తుంది."

పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని ఆ ముక్కుల గుర్తులను వంగి వంగి చూసింది. తర్వాత మేనేజరు వైపు తిరిగింది.

"మరి దుర్భిణీలు అటెందుకు పెట్టారు?"

"సముద్రం ఉందని, మేడమ్."

"సముద్రానికి దుర్భిణీ ఎందుకయ్యా, అదేమన్నా సూదా? ఇటు మార్చండి. ఆరు నెలలు చూద్దాం. ఆ తర్వాత దేవుడున్నాడు."

పెద్దావిడ వెళ్లాక అద్దాలక్క కళ్లు మూసుకుని దేవుణ్ణి తలచుకుంది. మేనేజరు చొక్కా చేతులు మడిచి, లిఫ్టాయనతో కలిసి దుర్భిణీల మరలు తనే విప్పాడు. మొదటిదాన్ని తూర్పున బిగించగానే అద్దానికి ముక్కు ఆనించి, అందులోంచి కాకుండా ఉత్త కళ్లతోనే వెతకసాగాడు.

"మా ఇల్లు కనబడట్లేదే."

"వెతకండి సార్," అంది అద్దాలక్క, గుడ్డ పిండి బకెట్ అంచున వేస్తూ. "నాకు తొందరేం లేదు."