కొబ్బరినీళ్లు కావవి

కలకత్తా న్యూ టౌన్‌లో మా అపార్ట్‌మెంట్ కింద, కార్లు నిలిపే సెల్లారులో, మొన్న ఒక ఉదయం నా కారు దగ్గరికి వెళ్లేసరికి తీపి వాసన తగిలింది. బెల్లం పాకం అడుగంటబోయే ముందు వచ్చే వాసన లాంటిది, కాకపోతే నోరూరదు, గొంతులో చిన్నగా పట్టుకుంటుంది. పక్క కారు తీస్తున్న వరంగల్ అబ్బాయి ముక్కు ఎగబీల్చి, "ఎవరో జ్యూస్ ఒంపిన్రు గావచ్చు అక్కా" అన్నాడు. జ్యూస్ కాదు, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్. ఇంజన్ రాత్రంతా చల్లారి ఉంది గనక ధైర్యంగా బానెట్ ఎత్తాను. వేడి మీద రేడియేటర్ మూత తీసినవాళ్ల మొహాలు నేను చూశాను, అందుకే ముందు చెయ్యి ఆనించి చూడకుండా దాని జోలికి పోను. డబ్బాలో గులాబీరంగు నీరు కింది గీతకు దిగిపోయింది. నేల మీద మరక ముందు చక్రం పక్కన ఉంది. మరక ఉన్నచోటే చిల్లు ఉంటుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. నీరు గొట్టాల వెంట, బోల్టుల వెంట పాకి, ఎక్కడ వీలు దొరికితే అక్కడ జారుతుంది. కాబట్టి తడిని పట్టుకుని కిందనుంచి పైకి పోవాలి. పోయాను. రేడియేటర్ పైగొట్టం చివర, దాన్ని బిగించే క్లాంపు అంచున, ఎండి పొలుసు కట్టిన తెల్లటి చార దొరికింది. "షోరూంకి ఫోన్ చెయ్యరాదక్కా" అన్నాడు ఆ అబ్బాయి. అవసరం లేదన్నాను. ఈ విద్య నాకు పన్నెండో ఏట పట్టుబడింది, అదీ ఈ ఊరి రేవు పక్కన, వాట్‌గంజ్‌లో.

వాట్‌గంజ్ సందులో మేమున్న రెండు గదుల ఇంటికి ఒక పక్క రేవు గోడ, మరో పక్క గోనెసంచుల గోదాము. వానాకాలమంతా తడిసిన జనపనార వాసన, ఆవనూనెలో వేగే చేప వాసన, మా వాళ్లు శ్రీకాకుళం నుంచి మూటగట్టి తెచ్చుకున్న ఎండుమెత్తళ్ల వాసన కలిసిపోయి బట్టల్లోనే కాపురముండేవి. ఓడ కూత వినబడితే అమ్మ అన్నం వార్చే వేళయిందని లేచేది. నాన్న రేవులో బస్తాలు మోయడానికి వచ్చి, డ్రైవింగ్ నేర్చుకుని, పసుపురంగు అంబాసిడర్ టాక్సీ తోలేవాడు. ఇంట్లో అందరికంటే దానికే ముందు స్నానం జరిగేది. అమ్మ చెల్లెలు పార్వతి పిన్ని మా దగ్గరే ఉండి ఇంటర్ చదివింది. మధ్యాహ్నాలు మేమిద్దరం మేడ మీద చింతగింజలతో ఆడుకునేవాళ్లం. ఆటలో ఓడిపోతే పిన్ని అలిగేది, గెలిస్తే పాట పాడేది.

మా సందు చివర, బియ్యం దుకాణం మీది గదిలో, రేవు కూలీలు చందాలేసుకుని పెట్టుకున్న తెలుగు గ్రంథాలయం ఉండేది. పిల్లల పుస్తకాలు ఒక అరలో సగమే ఉండేవి. అవి అయిపోయాక నేను ఆగలేదు. పక్క అరలోకి జరిగాను. కోళ్ల పెంపకం చదివాను, నేత్రవ్యాధులు చదివాను, ఆ తర్వాత అట్టలేని ఒక లావుపాటి మోటారు ఇంజన్ల పుస్తకం చేతికొచ్చింది. అందులో నీళ్లు ఇంజన్ చుట్టూ తిరిగి, వేడెక్కి, పైగొట్టంలోంచి రేడియేటర్‌కి వచ్చి, చల్లబడి, కింది గొట్టంలోంచి మళ్లీ లోపలికి పోయే బొమ్మ ఉండేది. ఆ బొమ్మను అన్నం ముందు కూర్చుని కంచం మీద వేలితో గీసేదాన్ని. "ఈ గుంట మెతుకులతో ఏటి రాస్తందో సూడండి" అని అమ్మ నాన్నతో ఫిర్యాదు చేసేది.

బెంగాలీల లెక్కన భాద్రమాసం చివర విశ్వకర్మ పూజ వచ్చేది. కలకత్తా ఆకాశమంతా గాలిపటాలు, పటం తెగినప్పుడల్లా మేడల మీద "భో కట్టా" కేకలు, సందుల్లో తెగిన దారాలు. గ్యారేజీల్లో వేటమాంసం ఉడికేది. ఆ రోజు రెంచీ, సుత్తి, జాకీ, స్క్రూడ్రైవర్ అన్నీ కడిగి, బొట్లు పెట్టి, దేవుడి ముందు పరిచేవారు. మర్నాటిదాకా వాటిని ఎవరూ ముట్టకూడదు. ముడితే ఏడాదంతా పని చెడుతుందని మెకానిక్కుల నమ్మకం. బెంగాలీలు పూజ చేసి ఊరుకునేవారు. మా నాన్న దానికి మన పద్ధతి కూడా కలిపేవాడు: చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ ముందు వరసగా కొబ్బరికాయలు. కాయ కొట్టి, నీళ్లు రేడియేటర్ జాలీ మీద ఒంపేవాడు, బండి చల్లగా ఉండాలని.

ఆ ఏడు విశ్వకర్మ పూజ సాయంత్రమే పిన్ని విశాఖపట్నం రైలెక్కాలి. మర్నాడు నర్సు చదువుకు ఇంటర్వ్యూ. రైలు తప్పిందంటే సీటు పోయినట్టే. మళ్లీ ఏడాది ఆగడానికి ఊళ్లో తాతయ్య ఒప్పుకోడని అందరికీ తెలుసు. హౌరా స్టేషన్‌కి మా టాక్సీయే దిక్కు, ఎందుకంటే ఆ రోజు తక్కిన టాక్సీవాళ్లంతా పూజలోనో మత్తులోనో ఉంటారు, తిరిగే ఒకటీ అరా బస్సుల్లోకి పిన్ని ట్రంకుపెట్టెని ఎక్కనివ్వరు.

పొద్దున పూజయ్యాక బండి ముందు నీళ్ల మడుగు కట్టింది. కొబ్బరినీళ్లేనని అందరం దాని మీదుగా దాటాం. మధ్యాహ్నం నాన్న ఆనవాయితీ ప్రకారం సందులోని పిల్లలందరినీ కుక్కి ఒక చుట్టు తిప్పి తెస్తుంటే, మలుపు దగ్గర బానెట్ కింద నుంచి బుస్సున ఆవిరి లేచింది. పిల్లలు దిగి, పాడుకుంటూ బండిని తోసుకొచ్చారు. క్షణంలో సందంతా మూగింది. రేడియేటర్లో పసుపు వెయ్యమని ఒకరు, సబ్బుముక్క అరగదీసి పుయ్యమని ఒకరు, దిష్టి తగిలిందని మరొకరు. నాన్న గ్యారేజీకి పరిగెత్తి మెకానిక్ బాదల్‌దా చేతులు పట్టుకున్నాడు. మాంసం గిన్నె ముందు కూర్చున్న బాదల్‌దా, దేవుడి ముందున్న పనిముట్లు చూపించి, రెండు చెవులూ పట్టుకుని, "ఆజ్ నా దాదా, ఆజ్ పూజో" అన్నాడు, ఇవాళ పూజ, ముట్టనని. నాన్న రెంచీలూ ఆ వరసలోనే ఉన్నాయి. వాటిని తీసే ధైర్యం ఆయనకూ లేదు. తిరిగొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. పిన్ని ట్రంకు మీద కూర్చుని గోళ్లు కొరుకుతోంది.

నేను మడుగు దగ్గర కూర్చుని వేలు ముంచాను. జిగట లేదు, చీమ లేదు. వేలు మీద తుప్పురంగు మిగిలింది. "నాన్నా, ఇవి కొబ్బరినీళ్లు కావు" అన్నాను.

"నీకేటి తెలుసే?"

"పుస్తకంలో ఉంది."

"ఓలమ్మో, పుస్తకమొచ్చి బండి తోల్తాదేటి!" అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. పిన్ని మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి, "ఏటి సెయ్యాలో సెప్పు, నాను సేస్తాను" అంది.

ఇంజన్ చల్లారేదాకా ఆగమన్నాను. ఆ ఎదురుచూపులో పైన గాలిపటాలు కూడా ఆగిపోయినట్టుండింది. చల్లారాక నేనూ పిన్నీ గుడ్డలతో గొట్టాలన్నీ పొడిగా తుడిచాం. తడి ఎక్కడ పుడుతోందో కనిపించాలంటే సుద్దపొడి చల్లమని పుస్తకం చెప్పింది. సుద్ద లేదు, వాకిట్లో వేయగా మిగిలిన ముగ్గుపిండి ఉంది. అది గొట్టాల మీద తెల్లగా చల్లి, రేడియేటర్ నిండా నీళ్లు పోసి, మూత బిగించి, నాన్నని ఇంజన్ వెయ్యమన్నాను. వేడెక్కి ఒత్తిడి పెరిగేకొద్దీ చిల్లు ఎక్కడుంటే అక్కడ తడి బయటపడుతుంది. కాసేపటికి పైగొట్టం రేడియేటర్‌ని కలిసేచోట, తెల్లటి పిండి మీద సన్నటి నల్లగీత లేచి, కిందికి పాకింది. అంచున రబ్బరు పగిలింది, అంతే. మిగతా గొట్టం గట్టిగానే ఉంది. పగిలిన అంచు కోసేసి, గొట్టాన్ని కాస్త ముందుకు లాగి, మళ్లీ క్లాంపు బిగిస్తే చాలు.

ఇంజన్ ఆపి, మళ్లీ చల్లారనిచ్చాం. కొయ్యడానికి కత్తి, మర తిప్పడానికి స్క్రూడ్రైవర్ కావాలి. రెండూ దేవుడి ముందున్నాయి. నాన్న తల అడ్డంగా ఊపాడు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ లోపలికెళ్లి, ఒక చేత్తో కత్తిపీట, ఒక చేత్తో ఇనప అట్లకాడ పట్టుకుని వచ్చింది. "ఇయ్యీ పనిముట్లే. ఈటికి ఏ పండక్కి సెలవిచ్చినారేటి మీరు? నానియ్యాల పొద్దుట్నించీ ఈటితోనే సస్తన్నాను, మీ దేవుడేటన్నాడు?" అంది. బాదల్‌దా ఎప్పుడొచ్చాడో గాని, వెనకనుంచి పెద్దగా నవ్వాడు.

అట్లకాడ అంచు క్లాంపు మర గాడిలో సరిగ్గా కూర్చుంది. నేను విప్పాను. అమ్మ వీధిలోనే కత్తిపీట ముందు కూర్చుని, గొట్టం అంచుని అరటిదూట కోసినట్టు గుండ్రంగా కోసింది. పిన్ని గొట్టాన్ని రెండు చేతులా పట్టి నెట్టి ఉంచితే, నేను మర బిగించాను. చివరి చుట్టుకి నా బలం చాలకపోతే నాన్న వచ్చి, అట్లకాడకి ఒక దణ్ణం పెట్టి, తిప్పాడు. నీళ్లు పోసి, ఇంజన్ వేసి, కింద పాత పేపరు పరిచాం. ఇంజన్ వేడెక్కింది. పేపరు పొడిగానే ఉంది. హౌరాలో గార్డు జెండా ఊపుతుండగా పిన్ని రైలెక్కింది. ట్రంకుని కిటికీలోంచి తోశాం. బట్టలు మార్చుకునే వ్యవధి లేక, చేతుల నిండా గ్రీజుతోనే పోయింది. నర్సు చదువుకు సీటు వచ్చింది.

నిన్న షాలిమార్ స్టేషన్‌కి వెళ్లి పిన్నిని తీసుకొచ్చాను. నర్సుగా పనిచేసి పనిచేసి రిటైరయింది, పాత సందు చూడాలంది. కారుకి కొత్త గొట్టం, కొత్త క్లాంపు నేనే వేశాను. కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ కొలిచి కలిపి, లోపలి గాలి పోయేదాకా హీటరు పెట్టి ఇంజన్ నడిపాను. వేడిని చూపే గేజి ముల్లు నది వంతెన ఎక్కేటప్పుడు కూడా కదల్లేదు. వాట్‌గంజ్‌లో గ్రంథాలయం గది మొబైల్ దుకాణమైంది, ఆ పుస్తకాలేమయ్యాయో ఎవరూ చెప్పలేకపోయారు. గోనెల గోదాము లేదు. పసుపు టాక్సీ ఒక్కటీ ఎదురుపడలేదు. నాన్న లేడు, బాదల్‌దా గ్యారేజీ లేదు. సందులో తెలుగు మాట వినిపిస్తుందేమోనని అద్దం దింపాం. పిల్లలు మాట్లాడుకుంటున్నారు గాని, బెంగాలీలోనే.

తిరుగుదారిలో పిన్ని అంది: "ఆ యాల ఇంటర్వ్యూలో నా సేతులు సూసి, ఈ నలుపేటమ్మా అన్నారే. నువ్వు ముగ్గుపిండి జల్లిన కత సెప్పీసేను. మరక కాడ కాదండీ, పైకెళ్లి ఎతకాలి అన్నాను. రగతం కారినా అంతేనమ్మా అని పెద్ద డాక్టరమ్మ అప్పుడే నా పేరు రాసీసింది."

నేను కారు పక్కకి తీసి ఆపేశాను. ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"అప్పటికే పుస్తకం పుస్తకం అని నువ్వు నేల మీద నడిసీదానివి కాదు," అంది పిన్ని, ఏసీ గాలి తన వైపు తిప్పుకుంటూ, "ఇది కూడా సెప్పీసుంటే మా గతేటి?"