డానీకి నేను కట్టిన ధర

2023 ఫిబ్రవరి. మిడ్‌వెస్ట్‌లో ఒక ప్రొఫెషనల్ ఐస్ హాకీ జట్టు ఆఫీసు. జట్టు పేరు చెప్పను. స్టాటిస్టిక్స్‌లో మాస్టర్స్ చేసి, ఏ బ్యాంకులోనో చేరతాననుకున్న నేను అక్కడ అనలిస్టుగా కుదురుకున్నాను. నా సీటు పక్కనున్న కిటికీలోంచి చూస్తే కింద ప్రాక్టీస్ చేసే మంచు మైదానం, రింక్, కనిపిస్తుంది. జూలైలో కూడా స్వెటర్ వేసుకుని చేసే ఉద్యోగం.

నా పని ఆటగాళ్ళకు విలువ కట్టడం. ఈ ఆటలో జట్లు ఎక్కువగా ఒక ఆటగాణ్ణి ఇచ్చి మరొకరిని తీసుకుంటాయి. దాన్ని ట్రేడ్ అంటారు. ఆటగాడికి బదులు డ్రాఫ్ట్ పిక్ కూడా ఇవ్వవచ్చు, అంటే రాబోయే వేసవిలో కొత్త కుర్రాళ్ళలోంచి ఒకరిని ఎంచుకునే హక్కు. అందరికంటే ముందు ఎంచుకునే మొదటి రౌండ్ పిక్ అంటే బంగారం, తర్వాతి రౌండ్లకు విలువ తగ్గుతూ పోతుంది. ఏటా మార్చి ప్రాంతంలో ట్రేడ్ డెడ్‌లైన్ వస్తుంది. ఆ గడువు ముందు వారమంతా ఫోన్లే ఫోన్లు. ఎవరికి ఎవరు సమానం అన్నదే వాదన.

ఆ ఏడాది వాదన డానీ గురించి. ముప్పై రెండేళ్ళవాడు, డిఫెన్స్‌మన్. ప్రత్యర్థుల్ని గోల్ దగ్గరికి రానీయకుండా ఒంటితో అడ్డుకోవడం అతని పని. ఆటగాళ్ళలో మా గదికి వచ్చి నా స్క్రీన్ చూసి ప్రశ్నలడిగేది అతనొక్కడే. జనవరిలో ఒక మ్యాచ్‌లో అతని తల అంచు గోడకు గట్టిగా కొట్టుకుంది. రెండు మ్యాచ్‌లు ఆగి మళ్ళీ దిగాడు. డాక్టర్‌తో బాగానే ఉన్నానన్నాడు.

ప్రాక్టీసులో ఆటగాళ్ళ జెర్సీల్లో మేము సెన్సర్లు పెడతాం. ఆ లెక్కలు మా జట్టుకు తప్ప బయటికి పోవు. ఆ దెబ్బ తర్వాత, ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళ, పక్, దిశ మారినప్పుడు డానీ తిరగడంలో ఆలస్యం మొదలైంది. కంటికి కనిపించనంత చిన్న ఆలస్యం, కానీ రోజూ ఉంది. మ్యాచుల్లో అనుభవంతో నెట్టుకొస్తున్నాడు.

ఒక సోమవారం నా దగ్గరికి వచ్చి, “మీ భాషలో ఐస్‌ని ఏమంటారు?” అని అడిగాడు. మంచు అని చెప్పాను. రెండుమూడుసార్లు పలికి నవ్వుకుంటూ వెళ్ళాడు. గురువారం మళ్ళీ వచ్చి, అదే కుర్చీలో కూర్చుని, అదే ప్రశ్న అడిగాడు. హాస్యమాడుతున్నాడేమో అని మొహంలోకి చూశాను. కాదు. మొదటిసారి అడుగుతున్నట్టే అడిగాడు.

ఆ సాయంత్రమే మా జనరల్ మేనేజర్‌కి రిపోర్టు ఇచ్చాను. అందులో రెండు విలువలు రాశాను. సీజన్ మొత్తం ఆట చూస్తే మొదటి రౌండ్ పిక్‌కు కొంచెం తక్కువ. జనవరి తర్వాతి లెక్కలు చూస్తే మూడో రౌండ్‌కి కూడా రాడు. కింద ఒక వాక్యం రాశాను: తలకు తగిలిన దెబ్బ కారణం కావచ్చు, డాక్టర్ మళ్ళీ చూడాలి.

మర్నాడు గదిలో ముగ్గురమే. జి.ఎం., నేను, ముప్పై ఏళ్ళుగా ఆటగాళ్ళను వెతికి పట్టే స్కౌట్ వాల్ట్. డానీని అడుగుతున్న అవతలి జట్టు రెండో రౌండ్ పిక్‌తో పాటు గోల్స్ కొట్టే ఒక యువ ఫార్వర్డ్‌ని ఇస్తానంటోంది.

“ఇవ్వకండి. కుర్రాళ్ళు అతన్ని చూసి ఆడతారు. అది ఈమె షీట్‌లో ఉండదు” అన్నాడు వాల్ట్.

జి.ఎం. నా వైపు తిరిగాడు. “అవతలివాళ్ళకు ఈ రెండు నంబర్లలో ఏది తెలుసు?”

“మొదటిదే. రెండోది మన సెన్సర్లది.”

“అయితే ఫెయిర్ వాల్యూ మొదటిదే. ఆ చివరి వాక్యం తీసెయ్ శైలజా. నువ్వు డాక్టర్‌వి కావు.”

నేను తీసేశాను.

ఆ శనివారం కూరగాయలకని కార్లో వెళ్తూ మా ఆయన కిరణ్‌కు చెప్పాను.

“నువ్వు చెప్పాల్సింది చెప్పావ్ కదా” అన్నాడు.

“డానీకి చెప్పలేదుగా.”

“చెప్తే ఏమైద్ది? మీ బాస్‌కి తెలిస్తే జాబ్ పోద్ది. నీ హెచ్-వన్ మీదే మనం ఇద్దరం ఉన్నాం. ఐ-వన్‌ఫార్టీ అప్రూవ్ అయ్యేదాకా ఆగు, ప్లీజ్.”

నిజమే. గ్రీన్ కార్డు దారిలో ఆ అనుమతే పెద్ద మెట్టు. అతనికి లేఆఫ్ అయి నాలుగు నెలలైంది. డిపెండెంట్ వీసాకు మారాడు. దుకాణం ముందు కారాపి బెండకాయలు ఏరుకున్నాం.

డెడ్‌లైన్ రోజు మధ్యాహ్నం ట్రేడ్ అయిపోయింది. డానీ బ్యాగు సర్దుకోవడానికి వచ్చి మా గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

“నా నంబర్ బాగానే వేశావట. థాంక్స్” అన్నాడు. “కొత్త జట్టు అంటే ఇంకో రెండేళ్ళ కాంట్రాక్ట్ రావచ్చు.”

ఆ క్షణంలో గదిలో ఇంకెవరూ లేరు. ఒక్క మాట సరిపోయేది. “గుడ్ లక్” అన్నాను.

కొత్త జట్టుకు ఆడిన నాలుగో మ్యాచ్‌లో అతనికి మళ్ళీ దెబ్బ తగిలింది. పెద్ద దెబ్బేమీ కాదు. లేచి నిలబడి, తమ బెంచి ఎటుందో తెలియక ప్రత్యర్థుల బెంచి వైపు వెళ్ళాడు. మళ్ళీ ఆడలేదు.

జూన్‌లో మా సమీక్ష జరిగింది. ఆ ఏడాది మా జట్టు చేసిన ట్రేడ్‌లన్నిటిలో అదే మేలైనదని స్లైడ్ వేశారు. చప్పట్లు కొట్టారు. వాల్ట్ అప్పటికే రిటైరై వెళ్ళిపోయాడు. నన్ను సీనియర్ అనలిస్టుని చేశారు.

ఆగస్టులో, ఎవరికీ చెప్పకుండా నాలుగు గంటలు డ్రైవ్ చేసి డానీ ఇంటికి వెళ్ళాను. అతని భార్య మేగన్ తలుపు తీసింది. పట్టపగలే కర్టెన్లన్నీ మూసి ఉన్నాయి. వెలుతురు భరించలేడట. లోపలి గదిలో పడుకున్నాడు. నన్ను చూసి మర్యాదగా నవ్వాడు. నేనెవరో గుర్తుపట్టలేదని ఆ నవ్వులోనే తెలిసింది.

వంటింట్లో మేగన్‌కి చెప్పేశాను. సెన్సర్లూ, ఆలస్యం, ఒకే ప్రశ్న రెండుసార్లు అడగడం, తీసేసిన వాక్యం, అన్నీ.

“ఎవరికి చెప్పావు?” అంది ఆమె.

“మా బాస్‌కి.”

“బాస్‌కి చెప్పగలిగావు, మా నలుగురికి చెప్పలేకపోయావు.” వాళ్ళకు ఇద్దరు పిల్లలు. “తనకీ తెలుసేమో. దాచాడేమో. కానీ నాకు తెలిస్తే తలుపుకు అడ్డం పడేదాన్ని. ఇక వెళ్ళు.”

వెళ్ళాను.

నేను ఇంకా అదే జట్టులో ఉన్నాను. ఐ-వన్‌ఫార్టీ వచ్చింది. ఇప్పుడు అలాంటిది కనిపిస్తే రిపోర్టు కంటే ముందు జట్టు డాక్టర్‌కి రాస్తాను, ఆటగాడికీ చెబుతాను. ఇప్పటికి రెండుసార్లు చెప్పాను. ఇద్దరూ నన్ను బతిమాలారు, ఎవరికీ చెప్పొద్దని. ఒకతను డాక్టర్‌తో బాగానే ఉన్నానని చెప్పి ఆ రాత్రే మ్యాచ్ ఆడాడు.

ఈ పనిలో ఫెయిర్ అన్న మాట రోజూ వాడతాం. ఇచ్చిన జట్టూ, తీసుకున్న జట్టూ, ఇద్దరూ నష్టపోలేదంటే ఫెయిర్ అన్నట్టు. నా మోడల్‌లో మూడోవాడికి, అంటే చేతులు మారే ఆటగాడికి, గడి లేదని డానీ వల్ల తెలుసుకున్నాను. తెలుసుకున్నాక కూడా ఆ గడిలో ఏ అంకె వేయాలో నాకు తెలియడం లేదు.